బెల్జియం పేషెంటూ, గీజరు కింది తరవాణి కుండా

గల్ఫ్‌కి నర్సుగా వెళ్ళే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికొచ్చి సలహాలు అడుగుతుంటారు. పెట్టెలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు అని. గసగసాలు వద్దు, డాక్టరు చీటీ లేని నిద్రమాత్రలు వద్దు, ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టండి అని అందరూ చెప్పేవే నేనూ చెబుతాను. చివర్లో మాత్రం నా సొంత సలహా ఒకటి కలుపుతాను. పేషెంటు మిమ్మల్ని పదిమందిలో మెచ్చుకోబోతున్నాడని అనుమానం వస్తే, వెంటనే ఆయన నోట్లో థర్మామీటరు పెట్టెయ్యండి అని.

వాళ్ళు నవ్వేస్తారు. నవ్వే వయసు కదా అని నేనూ ఊరుకుంటాను. కానీ ఒక పెద్దమనిషి మెచ్చుకోలు పుణ్యమా అని నా ఉద్యోగమూ, ఇకామా రెండూ పోయి, జైలుకి వెళ్ళినంత పని అయిన రోజు ఒకటి నాకు వచ్చింది. సౌదీలో ఇకామా అంటే అక్కడ ఉండటానికీ పనిచేయటానికీ ఇచ్చే కార్డు. అది పోతే మనిషి పోయినట్టే.

అప్పట్లో నేను జుబైల్లో ఒక ప్రైవేటు హాస్పిటల్లో, మగవాళ్ళ ఎముకల వార్డుకి ఇన్‌చార్జి నర్సుని. జుబైల్ నిండా కెమికల్ ప్లాంట్లే. ఏదో ఒక ప్లాంటు మొత్తం ఆపేసి మరమ్మతులు చేస్తూనే ఉంటారు. దాన్ని షట్‌డౌన్ అంటారు. షట్‌డౌన్ వచ్చిందంటే వెల్డర్లూ ఫిట్టర్లూ వేలమంది దిగుతారు, మా వార్డులో మంచాలు చాలవు. కాళ్ళు విరిగినవాళ్ళు, చేతులు నలిగినవాళ్ళు, నడుం పట్టేసినవాళ్ళు. అన్ని దేశాల మూలుగులూ ఒకే గదిలో వినిపించేవి.

క్వార్టర్సులో నా గదిలో ఇంకో తెలుగు నర్సు ఉండేది. నరసాపురం వైపు అమ్మాయి, పిల్లల వార్డులో పని. భక్తి ఎంతో భయమూ అంతే. లిఫ్టు ఆగితే ప్రార్థన, పోలీసు కారు కనపడితే ప్రార్థన, మేట్రన్ పిలిస్తే రెండు ప్రార్థనలు. ఆ పిల్లకి నా వల్ల ఉన్న పెద్ద కష్టం మా బాత్రూంలో గీజరు కింద ఉన్న మట్టికుండ.

అది తరవాణి కుండ. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. అన్నం వార్చిన గంజిని కుండలో పోసి పులియబెడితే వచ్చే నీళ్ళే తరవాణి. ఏ రోజుకి కావలసింది ఆ రోజు తీసుకుని, ఆ లోటుని కొత్త గంజితో పూడుస్తారు. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున ఉన్న పాత పులుపే పైన పోసిన గంజిని పులిపిస్తుంది. మా గుడివాడ వైపు ఎండాకాలం అన్నంలో అదే పోసుకుని ఉల్లిపాయ కొరుక్కుని తినేవాళ్ళం. జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాడికి ఒక్క గ్లాసు పడితే నాలుక తేరుకునేది.

నేను మొదటిసారి సౌదీ బయల్దేరినప్పుడు మా అమ్మ తన కుండలోంచి చిన్న సీసాడు తరవాణి తీసి, మూత మీద మైనం కార్చి, నా చీరల మధ్య పెట్టింది. హుఫూఫ్ అనే పాత ఊరి సంతలో మట్టికుండ ఒకటి కొని దాన్ని అందులో పోశాను. గదిలో ఏసీ చలికి పులవలేదు. గీజరు కింద పెడితే రెండో రోజుకే బుడగలు వచ్చాయి. తర్వాత అమ్మ పోయింది. ఫ్రిజ్జు ఉన్న ఇంట్లో ఆ కంపు కుండ ఎందుకని మా వదిన అక్కడిది తీసేసింది. ఇక అమ్మ చేతి పులుపు భూమ్మీద ఉన్నది జుబైల్లో నా బాత్రూంలో మాత్రమే. ఈ సంగతి నా రూమ్మేటుకి చాలాసార్లు చెప్పాను. ఆ పిల్ల ముక్కు మూసుకుని వినేది.

ఇక నన్ను మెచ్చుకున్న బెల్జియం పెద్దాయన దగ్గరికి వద్దాం.

పెద్ద పెద్ద కంప్రెసర్లకి వైద్యుడులాంటి ఇంజనీరు ఆయన. షట్‌డౌన్ ఎక్కడ జరిగితే అక్కడికి విమానంలో వచ్చి వాలతాడు. జీవితమంతా ప్లాంట్ల మీద, నిచ్చెనల మీద, పైపుల మధ్య గడిపి ఒక్క గాయం కూడా తగిలించుకోని మనిషి, జుబైల్లో హోటలు బాత్రూంలో సబ్బు మీద కాలేసి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను బాగా జరిగింది. ఆయన మాత్రం తిండి మానేశాడు.

పప్పు సూపు వచ్చినా, ఉడకబెట్టిన కోడి వచ్చినా మూత తియ్యకుండానే ట్రే పక్కకి జరిపేసేవాడు. నొప్పా అంటే కాదు. వాంతి వస్తోందా అంటే కాదు. ఒకరోజు డ్రెస్సింగు మారుస్తూ గట్టిగా అడిగాను.

"అసలు మీ బాధేంటి సార్? అలిగారా?"

పైకప్పు చూస్తూ చెప్పాడు. "సిస్టర్, నాకొక అలవాటు ఉంది. ఏ దేశం వెళ్ళినా, పని అయిపోయి మిషను తిరగడం మొదలైన రోజున ఊళ్ళోకి వెళ్ళి ఫ్రైస్ తిని బీరు తాగుతాను. కొరియాలో తాగాను, బ్రెజిల్‌లో తాగాను. అప్పుడే నా ప్రయాణం అయినట్టు. ఇక్కడ నా మిషను నిన్న తిరిగిందట. తిప్పినవాడు ఇంకెవడో. నేను ఇక్కడ పడుకుని ఉన్నాను. ఫ్రైసూ లేవు, బీరూ లేదు. ఈ దేశంలో బీరు ఉండదని తెలిసే వచ్చాననుకోండి. కాలు విరుగుతుందని మాత్రం తెలియదు."

అరవై దాటిన మనిషి, పెదవి విరిచిన తీరు చూస్తే అచ్చం బడి ఎగ్గొట్టిన పిల్లాడే. నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

మా సర్జను ఈజిప్టువాడు. సరదా మనిషే గానీ రక్తపరీక్షల రిపోర్టు చూశాక సరదా తగ్గించాడు. "ఒంట్లో మాంసకృత్తులు పడిపోతున్నాయి. ఇలాగే ఉంటే కుట్లు అతుక్కోవు. రేపటికి తినకపోతే ముక్కులోంచి ట్యూబు వేస్తాను" అన్నాడు. ముక్కులో ట్యూబుతో ఆ పెద్దాయన్ని ఊహించుకుంటే నాకే ఊపిరాడలేదు.

మా హాస్పిటల్ డ్రైవరు రాయచోటి సాయిబు. ఆయన్ని పట్టుకున్నాను.

"అన్నా, కోడి వేయించి అమ్మే ఆ బ్రోస్ట్ షాపు నుంచి వేయించిన బంగాళాదుంప ఒక పొట్లం తెచ్చిపెట్టవా? పేషెంటుకి."

"తెస్తాలే మా. ఈ హాస్పిటల్లో అంబులెన్సు తోలేది నేనే, ఆలుగడ్డలు మోసేది నేనే. రేపు ఆపరేషను గూడ నన్నే చెయ్యమంటారేమో!" అంటూ వెళ్ళి తెచ్చాడు.

పెద్దాయన ఒక ముక్క తీసుకుని రెండు వేళ్ళ మధ్య వంచాడు. అది చేమంతి కాడలాగా వాలిపోయింది. "ఇవి ఫ్రైస్ కావు, పాపం" అని తిరిగి పెట్టేశాడు. అప్పుడు మొదలుపెట్టాడు పాఠం. దుంప లావుగా కొయ్యాలట. ముందు సన్న సెగ మీద వేయించి తీసి చల్లారబెట్టాలట. తర్వాత బాగా మరిగే కొవ్వులో రెండోసారి వేయించాలట. నూనె పనికిరాదట, గొడ్డు కొవ్వే కావాలట. పక్కన మయొనేజ్ ఉండాలట, టమాటా సాసు పెడితే నేరమట. చెబుతుంటేనే ఆయన చెంపల్లోకి రంగు వచ్చింది. చాలు, ఈయన బతుకుతాడు అనుకున్నాను.

డ్రైవరు కొవ్వు తెచ్చిపెట్టాడు. "ఇదేందిమా, దీపాలు జేస్తావా?" అని అడిగి మరీ ఇచ్చాడు. క్వార్టర్సులో కరిగించి, ఆయన చెప్పినట్టే రెండుసార్లు వేయించాను. మా రూమ్మేటు తలుపు దగ్గర నిలబడి చెంపలు వాయించుకుంది.

"ఏంటక్కా ఇదీ! బాత్రూంలో కుండ, వంటింట్లో కొవ్వు. మేట్రన్ చూసిందంటే ఇద్దర్నీ గెంటేత్తాది. నాకసలే గుండె దడ."

"నీ గుండె బాగానే ఉంది, ఇలా వచ్చి ఒకటి రుచి చూడు" అన్నాను. చూసింది. తర్వాత పేషెంటు కోసం దాచిన పొట్లం నేను చేత్తో కప్పుకోవలసి వచ్చింది.

కాగితం గొట్టంలా చుట్టి అందులో పోసి పట్టుకెళ్ళాను. పెద్దాయన ఒకటి కొరికాడు. కరకరమని చప్పుడు వచ్చింది. గొట్టంలో సగం అయ్యాక ఆగి, అడగలేక అడిగాడు. "బీరు..?"

క్యాంటీనులో దొరికే, మత్తు లేని మాల్టు పానీయం డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆపిల్ వాసనది. ఒక గుక్క తాగి, నా మీద గౌరవం కొద్దీ మింగాడు. మిగతా ఫ్రైస్ కూడా పక్కన పెట్టేశాడు. అవి తడి లేకుండా గొంతులో దిగవట, దిగినా ఏం సుఖం లేదట.

అక్కడే నా బుర్రలో అమ్మ కూర్చుంది. నోరు చచ్చినవాడికి తరవాణి తప్ప మందేముంది? మర్నాడు వేడి ఫ్రైస్‌తో పాటు ఫ్లాస్కులో పోసుకెళ్ళి, ఎత్తు నుంచి గ్లాసులోకి వంచాను. పైన వేలెడు నురగ కట్టింది. పెద్దాయన ఆ నురగనే చూస్తూ ఉండిపోయాడు. వాసన చూశాడు. గుక్కెడు తాగి కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవకపోతే నేను నాడి పట్టుకున్నాను.

"సిస్టర్, మా తాత ఊళ్ళో ఇలాంటిదే చేసేవారు" అన్నాడు. "షెడ్డు కిటికీలు తెరిచి వదిలేస్తారు. గాలే దాన్ని పులిపిస్తుంది. పుల్లగా, గడ్డివాసనతో. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకి నచ్చదు. నాకు ప్రాణం. ఇది ఎక్కడ దొరికింది మీకు?"

"మా బాత్రూంలో" అన్నాను. జోకనుకుని నవ్వాడు.

ఇప్పటి పిల్లలకి ఒక మాట. ఆపరేషను అయిన పేషెంటుకి మీ బాత్రూంలోంచి ఏదీ తెచ్చి తాగించకండి. చదువుకున్నదాన్ని అయ్యుండి నేను చేశాను. చేశాక ఆయన ఫ్రైస్ మొత్తం తిన్నాడు, మధ్యాహ్నం కోడి కూడా తిన్నాడు. అందుకని మర్నాడూ తెచ్చాను. ఆ మర్నాడూ తెచ్చాను.

పక్క మంచం మీద ఒక సౌదీ ముసలాయన ఉండేవాడు. హుఫూఫ్ వైపు ఖర్జూరం తోటలు ఆయనవి. తోటలో నీళ్ళ కాలవ దాటుతూ పడి తుంటి విరిగింది. రోజుకో కొడుకు కాఫీ ఫ్లాస్కుతో వచ్చి కూర్చునేవాడు. నేను ఆయన్ని బాబా అనేదాన్ని, ఆయన నన్ను బింతీ, అంటే నా కూతురా, అనేవాడు. నాలుగు రోజులు మా నురగ వ్యవహారం గమనించి, ఒకనాడు తన గ్లాసు చాచాడు.

"అతనికి పోసేదేంటి?"

"అన్నం వార్చిన నీళ్ళు బాబా. పులియబెట్టాం."

"హలాలేనా?"

"బియ్యమూ నీళ్ళే బాబా. ఇంకేమీ లేదు."

తాగి, మీసం తుడుచుకుని, గ్లాసు మళ్ళీ చాచాడు. ఆ మర్నాటి నుంచి కొడుకులు తెచ్చిన కాఫీ ఫ్లాస్కుల్లో ఒకటి ఖాళీ చేయించి నా చేతికిచ్చేవాడు. అతని వంతు నాకెందుకు, నా వంతు నాకు వేరే ఇమ్మనేవాడు. అలా బెల్జియానికొకటి, హుఫూఫ్‌కొకటి, రెండు ఫ్లాస్కులు నడిచాయి. ఒకరి మాట ఒకరికి తెలియదు. గ్లాసులు పైకెత్తి ఒకరినొకరు చూసుకుని తలూపుకునేవాళ్ళు. ఆ ముచ్చట చూడటానికే నేను డ్యూటీకి ముందుగా వచ్చేదాన్ని.

ఆ సుఖం ఒక ఉదయం ముగిసింది.

సర్జను రౌండుకి వచ్చాడు. వెనక మా మేట్రను, జోర్డాన్ ఆవిడ, నవ్వితే కుట్లు ఊడతాయన్నట్టుండే మనిషి. ఆ రోజు హాస్పిటల్ ముదీర్, అంటే మేనేజరు, కుర్ర సౌదీ, అతనూ వచ్చాడు. సర్జను కట్టు విప్పి చూసి పొంగిపోయాడు. "గాయం అద్భుతంగా మానుతోంది. మీకేం పెట్టారు ఇక్కడ?"

పెద్దాయన నన్ను చూసి, మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. నా గురించి మంచిమాట చెప్పాలని పాపం ఎన్నాళ్ళ నుంచి కాచుకుని ఉన్నాడో.

"ఫ్రైసూ బీరూ!" అన్నాడు, వార్డు మొత్తం వినేటట్టు. "మీ సిస్టరు రోజూ తెస్తుంది. చాలా మంచి బీరు. ప్రపంచంలో ఇంత మంచిది నాలుగైదు చోట్లే తాగాను."

ఎవరి మూలుగూ వినపడలేదు.

తన మాట ఎక్కడికి పోయిందో పెద్దాయనకి అప్పుడు తెలిసింది. తెలిశాక ఊరుకోవచ్చుగా? సర్దబోయాడు.

"అంటే, గట్టిది కాదు. పలచనిది. మా దేశంలో చిన్నపిల్లలకి కూడా పోసేవారు. ఈ పెద్దమనిషిని అడగండి, ఆయన కూడా రోజూ తాగుతాడు!"

పక్క మంచం వైపు చెయ్యి చూపించాడు.

ముసలాయన కొడుకు కుర్చీలోంచి లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ముదీర్ తెల్ల ముఖం ఎర్రబడింది. సౌదీ గడ్డ మీద, హాస్పిటల్లో, ఒక విదేశీ నర్సు ఒక సౌదీ పెద్దాయనకి మద్యం పోసిందంటే ఏమవుతుందో వార్డులో ఊడ్చే బంగ్లాదేశీకి కూడా తెలుసు. జైలు. తర్వాత విమానం. మళ్ళీ జన్మలో గల్ఫ్ మొహం చూడనివ్వరు. నా కొడుకు ఇంజనీరింగు మధ్యలో ఉన్నాడు. నా జీతం తప్ప ఇంకో ఆధారం లేదు.

"అది బీరు కాదు సార్, పులిసిన గంజి" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

"పులిసిందా?" అన్నాడు ముదీర్, ఆ ఒక్క మాట పట్టుకుని. "సరే. మన ల్యాబు ఉంది. పరీక్ష చేయిద్దాం. ఏమీ లేకపోతే మీకు క్షమాపణ చెబుతాను. ఉంటే మాత్రం సిస్టర్, నా చేతిలో ఏమీ ఉండదు."

న్యాయంగానే మాట్లాడాడు. కానీ పులిసినదాంట్లో ఎంతో కొంత తయారవుతుందని నర్సింగు చదువు చెవిలో గుసగుసలాడింది. ఎంత? ఆ మిషను పట్టుకునేంతా? మా ఇంట్లో తరతరాలుగా తాగుతున్నాం, ఏనాడూ ఎవరూ కొలవలేదు.

బెల్జియం పెద్దాయన ఫ్లాస్కు ఖాళీ. ఉదయమే ఆఖరి చుక్కదాకా లాగించేశాడు. క్వార్టర్సులో కుండ ఉందని చెప్పాను, దాచి ప్రయోజనం లేదు. మేట్రను సెక్యూరిటీని తీసుకుని బయల్దేరింది. గదిలో రూమ్మేటు ఒక్కతే నిద్రపోతోందని గుర్తొచ్చి ఫోను చేశాను.

"కుండ కోసం మేట్రను వస్తోంది. చూపించు. నువ్వేం కంగారు పడకు."

ఆ పిల్లతో కంగారు పడకు అనడమే నేను చేసిన తెలివితక్కువ పని.

మేట్రను తిరిగొచ్చింది. సెక్యూరిటీవాడి చేతిలో నా కుండ. లోపలా బయటా తోమి, కడిగి, తళతళలాడుతోంది. బ్లీచింగు వాసన వార్డు చివరిదాకా కొడుతోంది. వెనకే మా రూమ్మేటు, తడి చేతులతో, ఆయాసపడుతూ, ముఖమంతా గర్వం.

"ఏం భయంలేదక్కా" అంది తెలుగులో. "చుక్క మిగల్చకుండా పారబోసేసి, బ్లీచింగుతో తోమేశాను. ఇంక ఎవరొచ్చినా మనకేటి కాదు."

ఆ భాష అక్కడ ఇంకెవరికీ రాకపోవడం దేవుడు చేసిన మేలు. కానీ కుండ చూస్తే చాలదా? ఆధారాలు కడిగేసుకున్నవాళ్ళం అయ్యాం. ముదీర్ నన్ను చూసిన చూపులో అంతకుముందున్న మర్యాద లేదు.

నిజం చెప్పనా? ఆ క్షణంలో నాకు జైలు గుర్తు రాలేదు. అమ్మ పోయింది అనిపించింది, రెండోసారి. కుండ అడుగున ఆమె చేత్తో పోసింది ఇంకా ఉందనుకుని ఇన్నాళ్ళూ గంజి పోస్తూ వచ్చాను. అది బాత్రూం తూములోకి పోయింది. ఏడుద్దామంటే చుట్టూ జనం. తిడదామంటే ఆ పిల్ల నా కోసమే వణుకుతూ నిలబడి ఉంది.

అప్పుడు మేట్రను కళ్ళు ముసలాయన మంచం పక్కకి పోయాయి. ఆయన కాఫీ ఫ్లాస్కు.

"అందులో ఉందా?" అని అడిగింది నన్ను. ఉంది. పొద్దున్న నింపి ఇచ్చాను. ఆయన పొద్దున ఒక్క గ్లాసే తాగి, మిగతాది మధ్యాహ్నానికి దాచుకుంటాడు. నేను తలూపాను.

ముదీర్ దగ్గరికి వెళ్ళి, వంగి, మర్యాదగా చెయ్యి చాచాడు. "అమ్మీ" అన్నాడు, బాబాయ్ అన్నట్టు. "ఆ ఫ్లాస్కు ఇవ్వండి. ల్యాబుకి పంపాలి."

కొడుకు చెవిలో ఏదో చెప్పబోయాడు. ముసలాయన చేత్తో వారించి, నన్ను పిలిచాడు. "బింతీ, దీన్ని మీ ఇంట్లో ఎవరెవరు తాగుతారు?"

"అందరూ బాబా. జ్వరం తగ్గిన పిల్లలకి ముందు ఇదే పోస్తాం. మా అమ్మ నాకు పోసింది. నా కొడుక్కి నేను పోశాను."

ఆయన ఫ్లాస్కు ఒళ్ళోకి తీసుకున్నాడు. మూత తిప్పాడు. ముదీర్ ఇంకా చెయ్యి చాచే ఉన్నాడు.

"నేను దీన్ని ఇన్నాళ్ళూ తాగాను" అన్నాడు, నెమ్మదిగా, నాలాంటిదానికి కూడా అర్థమయ్యే అరబ్బీలో. "తాగి ఒక్క నమాజు మర్చిపోలేదు. ఒక్క మాట తడబడలేదు. మత్తు ఇచ్చేదైతే నా ఒంటికి తెలియదా? ఇది రోగుల గంజి."

బిస్మిల్లా అని, ఫ్లాస్కు ఎత్తి నోట్లోకి వంచుకున్నాడు. గడ్డం పైకెత్తి, గొంతు కదులుతుండగా, గుటక మీద గుటక. కొడుకు నోరు తెరిచి చూస్తున్నాడు. బెల్జియం పెద్దాయన గుటకలు లెక్కపెడుతున్నట్టు, అసూయగా చూస్తున్నాడు. ముసలాయన ఫ్లాస్కు దించి, మూత బిగించి, దుప్పటి కింద పెట్టుకుని, మీసం తుడుచుకున్నాడు.

"అయిపోయింది. ఇంక పరీక్ష చెయ్యాలంటే నన్ను చేయించు."

ముదీర్ చాచిన చెయ్యి అలాగే ఉంది. తాతంత వయసున్న మనిషి రక్తం తీసి, మద్యం ఉందేమో చూడమని ల్యాబుకి పంపటం ఆ దేశంలో ఎవరి తరమూ కాదు. పంపితే రేపు హుఫూఫ్ నుంచి ఆ తోటలవాళ్ళందరూ హాస్పిటల్ ముందుంటారు. ముదీర్ చెయ్యి వెనక్కి తీసుకుని, వంగి ముసలాయన నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. నా వైపు తిరిగి, "ఇకపై ఈ వార్డులోకి బయటి తిండిగానీ పానీయంగానీ వస్తే సహించేది లేదు" అన్నాడు. అంతే. వెళ్ళిపోయాడు.

"ఫ్రైస్ కూడానా?" అని వెనక నుంచి అడిగాడు పెద్దాయన. సర్జను ఆయన నోట్లో థర్మామీటరు పెట్టాడు. నా సలహా అక్కణ్ణుంచి వచ్చిందే.

ఆ పెద్దాయన వారం తర్వాత డిశ్చార్జి అయ్యాడు. వెళ్ళేముందు హాస్పిటల్‌కి తన అభిప్రాయం రాస్తానని పెన్ను అడిగాడు. నేను పక్కనే నిలబడి, 'నర్సింగు బాగుంది' అన్న రెండు ముక్కలు రాయగానే పెన్ను లాగేసుకున్నాను. ఇంకా ఒక పేజీ రాసేవాడే.

కానీ ఆ రోజు సాయంత్రం జరిగింది చెప్పాలి. డ్యూటీ దిగేముందు ముసలాయన దగ్గరికి వెళ్ళాను. కొడుకు నమాజుకి వెళ్ళాడు. థాంక్స్ చెప్పబోయి, ఫ్లాస్కు కడిగి తెస్తానని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు నిజం చెప్పు. అది బీరేనా?"

ఆయనతో అబద్ధం చెప్పే మొహం నాకెక్కడిది? "నాకూ తెలియదు బాబా. కాదనే అనుకుంటున్నాను. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పరీక్ష చేయించలేదు."

విరిగిన తుంటి నొప్పెట్టేలా నవ్వాడు. "నేను అన్న మాట అబద్ధం కాదులే. పులుపెక్కింది అంటే మత్తు దాటిపోయినట్టే. మేం ఖర్జూరంతో సిర్కా, అంటే వెనిగరు, చేసేవాళ్ళం, మాకు తెలుసు." అప్పుడు దుప్పటి కింద నుంచి ఫ్లాస్కు తీసి నా చేతిలో పెట్టాడు. "దీన్ని కడగకు. మూత తియ్యి."

తీశాను. అడుగున తరవాణి ఉంది. గుక్కెడు కాదు, గ్లాసుడు.

"మీరంతా తాగేశారనుకున్నాను బాబా!"

"గొంతు కదిలించాను" అన్నాడు. "రెండు గుటకలు నిజం, మిగతావి ముదీర్ కోసం. మీ పిల్ల కుండ తోమి తెచ్చినప్పుడు నీ మొహం చూశాను. జైలుకి భయపడ్డ మొహం కాదది. మా అమ్మ సిర్కా జాడీ పగిలినప్పుడు మా నాన్న మొహం అలాగే ఉంది. అడుగున ఉండేదాన్ని మేం తల్లి అంటాం. తల్లిని పారబోసుకుంటే మళ్ళీ రాదు."

ఫ్లాస్కు గుండెకి పట్టుకుని, ఆయన మంచం పక్కనే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. అంతసేపూ ఆపుకున్నదంతా వచ్చేసింది. ఆయన మాత్రం అటు తిరిగి పడుకుంటూ, "మూత బిగించి పట్టుకెళ్ళు. బెల్జియంవాడికి వాసన తగిలిందంటే అదీ మిగలదు" అన్నాడు.